పాత కార్ల లోపలి సామాను తుక్కులో కలిపెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

ఉత్తరం కొంచెం పెద్దదే అయింది, వీలైతే కత్తిరించకుండా వెయ్యమని మనవి. విషయం ఏంటంటే మన విశాఖలో పాత కారుని తుక్కుకి ఇచ్చేటప్పుడు ఇంజనూ గేర్‌బాక్సూ చక్రాలూ రేడియేటరూ అన్నీ జాగ్రత్తగా విప్పి పక్కన పెడతారు గానీ లోపలి సామాను, అంటే డోర్ ప్యాడ్లు, రూఫ్ లైనింగు, వెనక సైడు అట్టలు, తలుపు చుట్టూ ఉండే బీడింగు, గ్లాసు తిప్పే హ్యాండిళ్ళు, వాటి కింద బిళ్ళలు, ఇవన్నీ చేతికొచ్చినట్టు చింపి కుప్పలో పడేస్తారు, చాలా చోట్ల తగలబెట్టేస్తారు కూడా. ఈ అలవాటు మానాలి, మానడం పెద్ద కష్టం కూడా కాదు, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మా ఇంట్లో అంబాసిడర్ మార్క్ 2 ఎస్టేట్ ఒకటి ఉంది. ఈ కాలం పిల్లలకి ఎస్టేట్ అంటే తెలీదు, అదే స్టేషన్ వ్యాగన్ అండి, మామూలు అంబాసిడర్‌కి డిక్కీ ఉండే చోట దీనికి పైకప్పు చివరిదాకా సాగి ఉంటుంది, వెనక నుంచి తలుపు తెరుచుకుంటుంది, సీటు మడిస్తే బియ్యం బస్తాలు వేసుకోవచ్చు. మా పెద్ద మావయ్య ఎప్పుడో ఒక ఆఫీసు వేలంలో కొన్నారు, చందనోత్సవానికి సింహాచలం వెళ్ళాలన్నా పెళ్ళికి సామాను దింపాలన్నా ఇంటిల్లిపాదికీ అదే బండి. ఆయన పోయాక షెడ్డులో ఉండిపోయింది, ఇప్పుడు నేను బాగుచేయిస్తున్నాను. ఇంజను గొడవ తొందరగానే తేలిపోయింది, ఎందుకంటే అది 1489 సీసీ బీఎంసీ, అంటే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ ఇంజను, అంబాసిడర్ ఇంజను విప్పి బిగించగల మెకానిక్కులు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు, పిస్టన్లూ బేరింగులూ గ్యాస్కెట్లూ దొరుకుతున్నాయి. టింకరింగుకీ పెయింటుకీ గాజువాక ఆటోనగర్లో మంచి పనివాళ్ళు ఉన్నారు. ఆగిపోయింది ఎక్కడయ్యా అంటే లోపల.

అంబాసిడర్ ఊరికే కొద్ది రోజులు తయారై ఆగిపోయిన బండి కాదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో మొదలై 2014 మే నెల దాకా తయారైంది, యాభై ఏళ్ళ పైమాటే. అందుకని ముందు భాగానికి కావలసినవి వెతికితే దొరుకుతాయి, హ్యాండిళ్ళు కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పించాను, తలుపుల రబ్బర్లు చెన్నై పుదుపేట నుంచి వచ్చాయి, మన ఊరు హౌరా చెన్నై లైను మీద ఉండడం ఇలాంటి పనులకి కలిసొస్తుంది. కానీ ఎస్టేట్ వెనక భాగం అలా కాదు. వెనక సీటు దాటాక అద్దాల కింద ఉండే పొడుగు ప్యానెళ్ళు, సామాను పెట్టే నేల మీద పరిచే అట్ట, దాని మీద సామాను జారడానికి బిగించిన లోహపు పట్టీలు, వెనక తలుపు లోపలి ప్యాడు, చివరిదాకా సాగే రూఫ్ లైనింగు, ఇవేవీ మామూలు అంబాసిడర్లో ఉండవు, ఎస్టేట్లోనే ఉంటాయి, ఎస్టేట్లేమో మామూలు బళ్ళతో పోలిస్తే చాలా తక్కువ తయారయ్యాయి. కొట్టులో అడిగితే "ఎస్టేటా, అది మనకి రాదండి" అనే మాటే ఎక్కడైనా.

అసలు ఈ సామాను ఎందుకు మిగలదో నాకు అనకాపల్లి వైపు ఒక బెల్లం వ్యాపారి గారి పాకలో అర్థమైంది. ఒకప్పుడు బెల్లం దిమ్మలు మోసిన ఎస్టేట్ అది, ఇంజను లేదు, చక్రాలు లేవు, ఇటికల మీద బాడీ మాత్రం ఉంది. లోపలికి తొంగి చూస్తే కుడివైపు సామాను ప్యానెలు చెక్కుచెదరకుండా ఉంది. తీసుకోవచ్చా అండి అని అడిగితే ఆ పెద్దాయన, "తీస్కుపో బాబూ, తుక్కోడు ఇనప్పెంకు తూస్తాడు గాని అట్టకి డబ్బులిస్తాడేటి" అన్నారు. ఇంతే అండి విషయం అంతా. తుక్కు వ్యాపారం కాటా మీద నడుస్తుంది, ఇనుముకి ఒక రేటు, అల్యూమినియానికి ఒక రేటు, రాగికి ఒక రేటు, హార్డ్‌బోర్డుకీ రెగ్జిన్‌కీ నూలు గుడ్డకీ రేటే లేదు. రేటు లేనిది అడ్డం అవుతుంది, అడ్డమైనది మంటల్లోకి పోతుంది. సీటు లోపలి స్ప్రింగుల కోసం సీటు మొత్తం తగలబెట్టడం నేను కళ్ళారా చూశాను. రెగ్జిన్ మీది పూత చాలావరకు పీవీసీ, అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గొంతూ కళ్ళూ మండిపోతాయి, ఆ పొగ ముందు పీల్చేది అక్కడ పనిచేసే కుర్రాళ్ళే. కారు సంగతి అలా ఉంచినా ఈ ఒక్క కారణానికైనా ఆ మంటలు ఆగాలి.

మన ఊళ్ళో ఇంకో శత్రువు ఉప్పు గాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళల్లో గ్రిల్లులకే తుప్పు ఆగదు, ఇంక కారు సంగతి చెప్పేదేముంది. అందరూ బాడీ తుప్పు గురించే మాట్లాడతారు గానీ తేమ ముందు తినేది లోపలి అట్టల్నే. కారు తలుపులోకి వాన నీళ్ళు గ్లాసు పక్కనుంచి దిగుతాయి, అది సహజమే, కింద కన్నాల్లోంచి బయటికి పోవాలి, ఆ కన్నాలు మట్టితో పూడుకుపోతే నీళ్ళు తలుపులో నిలిచి హార్డ్‌బోర్డు కింద అంచు నుంచి తాగడం మొదలెడుతుంది. మా బండి ఎడమ ముందు తలుపు ప్యాడు విప్పితే కింది అంచు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది, క్లిప్పులు పట్టుకునే కన్నాలు చిరిగి పెద్దవైపోయాయి. వెనక్కి తిప్పి చూస్తే పైన మూల పెన్సిల్‌తో ఏదో గుర్తు గీసి ఉంది, ఫ్యాక్టరీలో పెట్టిందో తర్వాత ఎవరైనా పెట్టారో గానీ అన్నేళ్ళూ ఆ గీత చెరగలేదు. ముందు పక్క రెగ్జిన్ కింద పల్చగా దూది పొర, నిలువు చారలుగా కుట్టు, పైన చిన్న పైపింగు. ఎండ తగిలే పైభాగం రంగు వెలిసిపోయింది, హ్యాండిలు బిళ్ళ కింద మాత్రం గుండ్రంగా అసలు రంగు అలాగే ఉంది, మాకు రంగు ఏదో తెలిసింది ఆ గుండ్రం వల్లనే. ఆ ప్యాడ్ని ఎవరైనా చింపేసి ఉంటే కొత్త రెగ్జిన్ ఏ రంగుది కొనాలో కూడా తెలిసేది కాదు.

ఈ పని చేస్తున్నది అల్లిపురంలో ఒక సీటు కుట్టే మేస్త్రి గారు, పెద్ద వయసు, ఒకప్పుడు టాక్సీలకీ ఆఫీసు బళ్ళకీ కుషన్ వర్కు చేసిన మనిషి. నేను పాడైన ప్యాడ్లు తీసుకెళ్తే ఆయన అన్న మాట, "ఇదేటి అట్ట అనుకుంటన్నారు బాబూ, ఇదే కొలత, ఇది పోతే నా కత్తెర ఎటు పోవాలో నాకేటి తెలుస్తాది". పాడైపోయిందే అయినా పాత ప్యాడు ఉంటే చాలు, దాన్ని కాగితం మీద పరిచి అంచు గీసి, ప్రతి కన్నం గుర్తు పెట్టి, హ్యాండిలు వచ్చే చోటు గుర్తు పెట్టి, కొత్త హార్డ్‌బోర్డు కోసేస్తారు. కోసింది అలాగే వాడరు, రెండు వైపులా అంచులకీ కూడా వార్నిష్ పట్టించి ఆరాక అప్పుడు దూది, రెగ్జిన్, ఫెవికాల్ ఎస్ఆర్ 998. బిగించే ముందు తలుపుకీ ప్యాడుకీ మధ్య పాలిథిన్ షీటు. ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటే మన ఊరి గాలికి కూడా చాలా ఏళ్ళు తట్టుకుంటుంది. ప్లైవుడ్ పెట్టొచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు, చదునుగా ఉన్న చోట పెట్టొచ్చు, తేమకి అదే మేలు కూడా, కానీ వంపు ఉన్న చోట పల్చటి హార్డ్‌బోర్డు వంగినట్టు అది వంగదు.

రూఫ్ లైనింగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ముందు పారేసేది అదే, నల్లగా మసిబారి వేలాడుతూ ఉంటుంది కాబట్టి. పాత కార్లలో లైనింగు పైకప్పుకి అంటించరు, లోపల అడ్డంగా సన్నటి ఇనప కడ్డీలు ఉంటాయి, గుడ్డకి పైవైపు కుట్టిన గొట్టాల్లాంటి పట్టీల్లో ఆ కడ్డీలు దూరి, రెండు చివర్లూ బాడీలో కూర్చుంటాయి, అప్పుడు గుడ్డ బిగుతుగా సాగుతుంది. పైకప్పు వంపు అంతటా ఒకేలా ఉండదు కాబట్టి ఒక్కో కడ్డీ పొడుగూ వంపూ వేరు, ఒకదాని చోట ఇంకోటి పెడితే ముడతలు వస్తాయి, ఎంత లాగినా పోవు. ఎస్టేట్‌కి పైకప్పు పొడుగు, కడ్డీలు కూడా ఎక్కువే. మేస్త్రి గారు ఏం చేశారంటే ముందు నుంచి వరసగా ఒక్కో కడ్డీ తీస్తూ దానికి దారం కట్టారు, మొదటి కడ్డీ దారానికి ఒక ముడి, రెండోదానికి రెండు ముళ్ళు, అలా చివరిదాకా, కుడి చివర తెలియడానికి దారం కుడివైపే కట్టారు. చదువుకున్న ఇంజనీరు కూడా అంతకంటే మంచి పద్ధతి పెట్టలేడు. పాత గుడ్డని కుట్లు విప్పి ముక్కలు ముక్కలుగా ఇస్త్రీ చేసి దాన్నే నమూనాగా పెట్టుకుని కొత్తది కోశారు. ఇప్పుడు ఆలోచించండి, తుక్కు కొట్టులో ఆ కడ్డీలు కాటా మీద గుప్పెడు ఇనుము, కొద్దిపాటి డబ్బులు, అదే ఎస్టేట్ బాగుచేసేవాడికి ఆ కడ్డీలు లేకపోతే పైకప్పు పనే ఆగిపోతుంది.

హ్యాండిళ్ళ గురించి ఒక ముక్క. చాలా పాత హ్యాండిళ్ళు మజాక్ అనే జింకు మిశ్రమంతో పోత పోసినవి, మన గాలికి పైన క్రోమ్ పొక్కి చిన్న చిన్న గుంటలు పడతాయి. పాలిష్ కొట్టించి నేరుగా నికెల్ ఎక్కిస్తే నిలవదు, ముందు రాగి పూత, తర్వాత నికెల్, ఆఖర్న క్రోమ్, ఆ వరసలో చేసే ప్లేటింగు వాళ్ళని వెతుక్కోవాలి. గుంటలు పడ్డ హ్యాండిల్ని పనికిరాదని పారెయ్యొద్దు అనే చెప్తున్నాను.

ఇవన్నీ ఒక్కడి సరదా కోసం అడుగుతున్నానని ఎవరైనా అనుకోవచ్చు. కాదండి. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ బళ్ళకి ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ రూల్సు తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత బళ్ళకి నంబర్లో వీఏ అనే అక్షరాలతో ప్లేటు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయించుకోవడానికి 5,000. పెద్ద మార్పులు చెయ్యకూడదు అన్నారు, పెద్ద మార్పు అంటే చాసిస్, బాడీ షెల్, ఇంజను అన్నారు. మంచి రూలే, నేను స్వాగతిస్తున్నాను, కానీ అందులో లోపలి సామాను ఊసు లేదు. అసలు రూపం అంటే బయటి రేకు మాత్రమేనా? బయట 1960ల కారు, తలుపు తీస్తే మెరిసే కొత్త డైమండ్ కుట్టు సీట్లు, ప్లాస్టిక్ ప్యానెళ్ళు, నల్ల కార్పెట్టు, అలాంటి బళ్ళు ర్యాలీల్లో చూస్తే నాకు మనసు ఒప్పుకోదు. బాగుచేయించినవాళ్ళని తప్పు పట్టను, వాళ్ళకి అసలు సామాను దొరికితే కదా పెట్టుకునేది.

మన ఊరికి ఈ విషయం ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు నిజానికి. బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ ఉంది, 2001లో నేవీ నుంచి విరమించుకున్నాక 2002లో మ్యూజియంగా పెట్టారు. టికెట్టు కొనుక్కుని లైన్లో నిలబడే జనం బయటి ఇనుము చూడ్డానికి నిలబడరు కదా, లోపల నావికులు పడుకున్న ఇరుకు బెర్తులు, వంటగది, టార్పెడోలు, పైపులూ మీటలూ చూడ్డానికే వెళ్తారు. లోపల ఖాళీ చేసేసి డొల్ల ఒక్కటి పెట్టి ఉంటే పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు అండి. కారైనా అంతే, మనుషులు కూర్చున్నది లోపలే.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, అదే ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన మీద పడింది. చెట్లు కూలి నలిగిపోయిన బళ్ళూ నీళ్ళు తాగిన బళ్ళూ మా చుట్టుపక్కల వీధుల్లోంచి లారీల మీద పోతుంటే చూశాను, వాటిలో పాతవి కూడా ఉన్నాయి, అప్పుడు కరెంటూ నీళ్ళూ లేక జనం అల్లాడుతుంటే డోర్ ప్యాడ్ల గురించి ఎవరు ఆలోచిస్తారు, ఆలోచించలేదు, సహజం. ఇప్పుడు పరిస్థితి వేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ బళ్ళ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చెయ్యడం లేదు, అవి గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్లకే వెళ్ళాలి. ఆఫీసుల కాంపౌండుల్లో చెట్ల కింద తెల్లటి అంబాసిడర్లు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి దారి కూడా అదే. పొగ వదిలే పాత బళ్ళు రోడ్డు మీద తిరగకూడదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. నా మనవి ఒక్కటే, బండిని నలిపే ముందు లోపలి సామాను విప్పి, బండి పేరూ మోడలూ ఏడాదీ రాసిన చీటీ కట్టి, తడి తగలని చోట ఒక అర మీద పెట్టండి. నలుగురు వచ్చి అడిగితే అదీ డబ్బే, కాటా మీద రాని డబ్బు.

ఇంకో సంగతి ఆటోనగర్ వాళ్ళు ముఖ్యంగా వినాలి. అంబాసిడర్, ఫియట్ లాంటి బళ్ళ లోపలి సామాను చేత్తో చేసింది, పాతది ఉంటే చేత్తోనే మళ్ళీ చెయ్యొచ్చు, అందుకే మా మేస్త్రి గారు చెయ్యగలుగుతున్నారు. కానీ తర్వాతి తరం బళ్ళు అలా కావు. టాటా ఎస్టేట్ తీసుకోండి, 1992లో వచ్చింది, అది కూడా స్టేషన్ వ్యాగనే, డీజిల్ బండి, అప్పట్లో రోడ్డు మీద పోతుంటే జనం తిరిగి చూసేవారు. అలాంటి బళ్ళల్లో డాష్‌బోర్డూ ప్యానెళ్ళూ అచ్చులో పోసిన ప్లాస్టిక్, ఎండకి పెళుసెక్కి క్లిప్పు దగ్గర విరుగుతాయి, విరిగితే కత్తెరా సూదీ పెట్టి చెయ్యడానికి లేదు, అచ్చు మన చేతిలో ఉండేది కాదు. ఫైబర్‌తో అచ్చు తీసి పోసుకోవచ్చు గానీ అచ్చు తియ్యడానికైనా విరగని ముక్క ఒకటి ఉండాలి కదా. టాటా ఎస్టేట్లూ, అదే కంపెనీ అప్పటి పాత సియెర్రాలూ ఇప్పుడిప్పుడే తుక్కు కొట్టులకి వస్తున్నాయి, ఇప్పుడు జాగ్రత్త పడకపోతే ఇంకో ఇరవై ఏళ్ళకి వాటిని బాగుచేసుకోవాలనుకునే కుర్రాళ్ళ పరిస్థితి నాకంటే అన్యాయం అయిపోతుంది.

ఐటీఐల్లో మోటార్ మెకానిక్ ట్రేడు చదివే పిల్లలకి మేస్త్రి గారి లాంటివాళ్ళ దగ్గర కొన్నాళ్ళు పని నేర్పిస్తే బాగుంటుందని కూడా అధికారులని కోరుతున్నాను. ఇంజను పని నేర్చుకోడానికి పిల్లలు వస్తున్నారు, కుషన్ పనికి ఎవరూ రావడం లేదు, మేస్త్రి గారి కొట్టులో మిషను మీద ఇప్పుడు ఆయన ఒక్కరే. ఆయన చేతిలో ఉన్నది పుస్తకంలో దొరికే చదువు కాదు, ఎండలో రెగ్జిన్ని కాసేపు పరిచి మెత్తబడ్డాక ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో ఆయన వేళ్ళకే తెలుసు.

మీ పేపర్ వారికి కూడా ఒక విన్నపం. ఆదివారం క్లాసిఫైడ్స్‌లో ఇళ్ళూ స్థలాలూ సంబంధాలూ ఇన్ని వేస్తారు, పాత బళ్ళ సామానుకి నాలుగు లైన్ల జాగా తక్కువ రేటుకి ఇవ్వండి. శ్రీకాకుళం విజయనగరం నుంచి అనకాపల్లి దాకా పాకల్లో, షెడ్డుల్లో, అటకల మీద ఏముందో ఎవరికీ తెలియక పాడైపోతోంది. ఫోన్లలో వెతికేవాళ్ళకి కలకత్తా బొంబాయి కొట్లు కనిపిస్తాయి గానీ పక్క ఊరి పెద్దాయన పాక కనపడదు, ఆయన చదివేది మీ పేపరే.

నేను చెయ్యగలిగింది నేను మొదలుపెట్టాను. అనకాపల్లి ప్యానెలు నుంచి తీసిన కాగితం కొలతలు, మా బండి ముందు తలుపుల కొలతలు, రూఫ్ లైనింగు ముక్కల కొలతలు అన్నీ మందపాటి బ్రౌన్ పేపర్ మీద గీసి, చుట్టలు చుట్టి మేస్త్రి గారి కొట్టులోనే ఉంచాం. అంబాసిడర్ ఎస్టేట్ ఉన్నవాళ్ళు ఎవరైనా సరే వచ్చి గీసుకుని వెళ్ళొచ్చు, డబ్బులేమీ అక్కర్లేదు. నాకు ఇంకా దొరకనిది వెనక తలుపు లోపలి ప్యాడు, నేల మీద వచ్చే లోహపు పట్టీలు. విరిగిందైనా, ఉబ్బిపోయిందైనా, సగమే మిగిలిందైనా పరవాలేదు, కొలతకి ఇచ్చి మళ్ళీ తీసుకున్నా చాలు, నేనే వచ్చి గీసుకుంటాను. మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి మీ ఆఫీసు చిరునామాకి ఒక కార్డు రాయమనండి, వారం వారం వచ్చి కనుక్కుంటాను.

ఇట్లు
మీ పాఠకుడు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం